జేన్ ఐర్ చివర్లో రోచెస్టర్ చూపు పోవడం: మనసు అందం గెలిచినట్టా, ఓడినట్టా?

కాగితం పడవ

పదకొండేళ్ళుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. ఇంట్లో అడిగితే "పుస్తకంలో మాటకి ఇంత ఆలోచన ఎందుకే" అంటారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

షార్లెట్ బ్రాంటే నవల జేన్ ఐర్ 1847లో వచ్చింది. చదవనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. అమ్మానాన్న లేని జేన్, మేనమామ భార్య ఇంట్లో పడరాని మాటలు పడి, లోవుడ్ అనే ధర్మబడికి చేరుతుంది. అక్కడ హెలెన్ బర్న్స్ అనే స్నేహితురాలు దొరుకుతుంది, కొన్ని నెలలకే క్షయతో పోతుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చాక జేన్ థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద బంగళాలో ఒక చిన్నపిల్లకి పాఠాలు చెప్పే పనికి కుదురుతుంది. యజమాని రోచెస్టర్. ఇద్దరూ ప్రేమించుకుంటారు. తీరా చర్చిలో పెళ్ళి జరుగుతుండగా అతనికి ముందే భార్య ఉందని, ఆమెకి మతి చలించిందని, అదే బంగళాలో మూడో అంతస్తులో తాళం వేసి ఉంచాడని బయటపడుతుంది. జేన్ వెళ్ళిపోతుంది. తర్వాత ఆ భార్య బెర్తా ఇంటికి నిప్పు పెట్టి కప్పు మీదనుంచి దూకేస్తుంది. ఆమెని కాపాడబోయిన రోచెస్టర్‌కి ఎడమచెయ్యి పోతుంది, ఒక కన్ను పోతుంది, రెండో కంట్లోనూ చూపు ఆరిపోతుంది. జేన్ తిరిగొచ్చి అతణ్ణి పెళ్ళి చేసుకుంటుంది.

ఈ పుస్తకం నాకు ఇచ్చింది డిగ్రీలో నా పక్క బెంచీ స్నేహితురాలు. అప్పటికి నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడో పెళ్ళిచూపుల్లో అబ్బాయి వాళ్ళ పెద్దమ్మ "కాస్త కిటికీ వైపు జరుగమ్మా" అంది. వెలుతురులో రంగు చూడటానికి. నేను జరిగాను. ఆవిడ అడిగినందుకు కాదు, నేను జరిగినందుకే ఇప్పటికీ గుండె మండుతుంది. మర్నాడు కాలేజీలో ఈ మాట చెప్తే నా స్నేహితురాలు ఏమీ అనలేదు. ఆ తర్వాతి రోజు ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. వెన్ను దగ్గర సెలోటేపు అంటించి ఉంది. "ఇందులో పిల్ల నీలాగే ఉంటుంది. కానీ జరగమంటే జరగదు" అంది.

రెండేళ్ళ తర్వాత ఆమె జ్వరం వచ్చి ఐదు రోజుల్లో పోయింది. పుస్తకం తిరిగి ఇవ్వనేలేదు.

ఆ నవల నన్ను నిలబెట్టింది, నిజం. కానీ ముగింపు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మోసపోయినట్టు ఉంటుంది. "నువ్వు అందగత్తెవి కాకపోయినా నిన్ను నిన్నుగా చూసేవాడు ఉంటాడు" అని అంత దూరం నడిపించి, చివరికి ఆ చూసేవాడి కళ్ళే తీసేసింది. అంటే ఏమిటి? చూపున్న మగవాడు జేన్ లాంటి పిల్లతో జీవితాంతం ఉంటాడని రాసినావిడకే నమ్మకం లేదా? కళ్ళు లేనివాడికైతే ఏ మొహమైనా ఒకటే కదా అన్నట్టుంది నాకు.

నాది తప్పు చదువైతే చెప్పండి. నిజంగా తప్పని తేలితే సంతోషిస్తాను.

గోదారి గట్టు

కాగితం పడవ గారూ, కిటికీ మాట చదివి ఫోను కాసేపు పక్కన పెట్టేశాను. నవల విషయంలో మాత్రం మీతో గట్టిగా విభేదిస్తాను.

ఏది ముందో ఏది వెనకో చూడండి. రోచెస్టర్ జేన్‌ని పెళ్ళి చేసుకోమని అడిగింది ఇరవైమూడో అధ్యాయంలో. వేసవి రాత్రి, తోటలో, చెస్ట్‌నట్ చెట్టు కింద. అప్పటికి అతని రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. బ్లాంచ్ ఇంగ్రామ్ లాంటి పేరున్న అందగత్తెతోనే అతని పెళ్ళని చుట్టుపక్కల అందరూ అనుకుంటున్నారు. కళ్ళారా చూసి, పోల్చుకుని, ఆమెని కాదని జేన్‌ని కోరుకున్నాడు. మీరనే గెలుపు ఆ చెట్టు కిందే జరిగిపోయింది. చూపు పోవడం దాని తర్వాత వచ్చిన వేరే కథ.

పైగా అతను కూడా అందగాడు కాదు. పరిచయమైన కొత్తలో "నేను అందంగా ఉంటానా?" అని అడిగితే జేన్ తడుముకోకుండా "లేదండీ" అనేస్తుంది. అంత నిజం చెప్పుకున్న ఇద్దరి మధ్య మొహం ఇంకెక్కడ అడ్డొస్తుంది?

మరి కళ్ళు ఎందుకు తీసేసింది అంటారా. 1846 ఆగస్టులో షార్లెట్ తన తండ్రి పాట్రిక్ బ్రాంటేని శుక్లాల ఆపరేషన్‌కి మాంచెస్టర్ తీసుకెళ్ళింది. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని రోజులు. మెలకువగా ఉండగానే కన్ను కోశారు. ఆ తర్వాత వారాల తరబడి ఆయన చీకటి గదిలో కదలకుండా పడుకుంటే, అదే ఇంట్లో కూర్చుని ఆమె ఈ నవల మొదలుపెట్టింది. చూపు అంటే ఆమెకి పక్కగదిలో కట్టు కట్టుకుని పడుకున్న నాన్న. పాట్రిక్‌కి ఆపరేషన్ ఒక కంటికే చేశారు. కథలో రోచెస్టర్‌కీ రెండేళ్ళ తర్వాత ఒక కంటికే చూపు వస్తుంది.

ఇంకో మాట. చూపు తిరిగొచ్చినప్పుడు అతనికి మొదట కనబడింది జేన్ మెడలో మెరిసే గొలుసు, ఆమె వేసుకున్న లేత నీలం గౌను. తర్వాత పుట్టిన బిడ్డ కళ్ళలో తన కళ్ళు చూసుకుంటాడు. జేన్ మొహం చూసి ప్రేమ తగ్గిందని రచయిత్రి ఎక్కడా రాయలేదు. మీ అనుమానానికి జవాబు పుస్తకం ఆఖరి పేజీల్లోనే ఉంది.

ఎర్ర గాజులు

నేను కాగితం పడవ అక్క వైపే. గోదారి గట్టు గారు చెప్పిన వరస కరెక్టే, కాదనను. కానీ పుస్తకం మూశాక మనసులో మిగిలేది ఆఖరి బొమ్మ. పెళ్ళిరోజు పెళ్ళికొడుక్కి పెళ్ళికూతురు కనబడదు. నాకు గుర్తుండిపోయింది అదే.

అమ్మ ట్రంకుపెట్టెలో దాచుకున్న పాత వారపత్రికల సీరియల్స్ నేను చాలా చదివాను. వాటిలో అబ్బాయి ఆరడుగులు, తెల్ల కారు. అమ్మాయి పేదదే కానీ తన అందం తనకే తెలియని అందగత్తె. నిజంగా బాగోని అమ్మాయి ఉందంటే ఆమె కథానాయిక చెల్లెలో స్నేహితురాలో అయి ఉంటుంది, త్యాగం చేసి పక్కకి తప్పుకుంటుంది. వాటి పక్కన జేన్ ఎంత ఎత్తులో ఉందో! అందుకే చివర్లో ఆ ఒక్క మెట్టు దిగినందుకు ఇంత బాధ.

లెక్కల మాస్టారు

మీరంతా కళ్ళ దగ్గర ఆగిపోయారు. నేను డబ్బు దగ్గర ఆగుతాను, ఎందుకంటే మొదటి పెళ్ళి మాటకీ రెండో పెళ్ళి మాటకీ మధ్య అసలు మారింది జేన్ చేతిలో ఉన్న డబ్బే.

థార్న్‌ఫీల్డ్‌లో జేన్ జీతం ఏడాదికి 30 పౌన్లు. మొదటిసారి పెళ్ళి కుదిరాక రోచెస్టర్ పట్టు బట్టలూ నగలూ కొనిపెడతానంటే ఆమెకి ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళయ్యాక కూడా పాఠాలు చెప్పి నా 30 పౌన్లు నేను సంపాదించుకుంటాను అంటుంది. ఎంత భయం ఉంటే ఆ మాట వస్తుంది! అతని డబ్బుతో బతికితే తనేమవుతుందో ఆమెకి తెలుసు. తర్వాత మదీరా అనే దీవిలో ఉండే బాబాయి పోతూ 20,000 పౌన్లు రాసిచ్చి పోతాడు. ఆమె దాన్ని తనకీ, ముగ్గురు మేనత్త పిల్లలకీ నాలుగు వాటాలు వేస్తుంది. తన వాటా 5,000. అంటే పాత జీతం లెక్కన నూట అరవై ఆరేళ్ళ సంపాదన. ఆ డబ్బుతో, తన కాళ్ళ మీద తను నిలబడి, బంగళా కాలిపోయాక రోచెస్టర్ ఉంటున్న ఫెర్న్‌డీన్ అనే ఇంటి తలుపు తట్టింది.

కాబట్టి అతనికి కళ్ళున్నా లేకున్నా ఆ రోజు ఆమె అతని ముందు తల దించుకునే అవసరం లేదు. మనసు అందం గొప్పదే. కానీ చేతిలో రూపాయి లేని ఆడపిల్ల మనసు ఎంత అందమైనదైనా ఎవరూ ఆగి చూడరని షార్లెట్‌కి బాగా తెలుసు. ఆమె కూడా అదే టీచరు పని చేసి, చిన్నబుచ్చుకుని వచ్చిన మనిషే.

నల్లరేగడి

మాస్టారూ, డబ్బు లెక్క తీశారు కాబట్టి ఇంకో లెక్క కూడా వేయండి. బెర్తా మేసన్ తెచ్చిన కట్నం 30,000 పౌన్లు. జేన్ జీతం ప్రకారం వెయ్యేళ్ళ డబ్బు. రోచెస్టర్ తండ్రి, ఆస్తి అంతా పెద్దకొడుక్కి కట్టబెట్టి, చిన్నకొడుకుని జమైకా పంపి ఆ కట్నానికి పెళ్ళి చేశాడు.

నాకు ఈ చర్చ మొత్తంలో లోటు కనబడేది ఇక్కడే. బెర్తా అందగత్తె. జమైకాలోని స్పానిష్ టౌన్‌లో ఆమె అందం గురించి గొప్పగా చెప్పుకునేవారని రోచెస్టరే అంటాడు. ముస్తాబు చేసి విందుల్లో చూపించారు, ఒంటరిగా రెండు మాటలు కూడా మాట్లాడుకోనియ్యలేదు. ఇది మన పెళ్ళిచూపులు కాక మరేంటి? కాగితం పడవ గారిని కిటికీ దగ్గరికి జరగమన్నరు, బెర్తాని దీపాల కింద నిలబెట్టిన్రు. ఒకరిని వద్దనడానికి, ఒకరిని అమ్మడానికి. పని ఒకటే.

తర్వాత ఆమెకి మతి చలించింది. అప్పుడు రచయిత్రి ఆమె మొహాన్ని ఎలా రాసింది? ఉబ్బిన మొహం, కమిలిన రంగు, మనిషో మృగమో తెలియకుండా నాలుగు కాళ్ళ మీద తిరిగే ఆకారం. జేన్ మొహం మామూలుది, లోపల మనసు బంగారం అని చెప్పిన అదే చెయ్యి, బెర్తా దగ్గరికి వచ్చేసరికి లోపల ఏముందో చూడనే లేదు. మొహం ఎట్లుంటే మనిషి అట్లనే అని తేల్చేసింది. పదేళ్ళు తాళం వేసిన గదిలో ఉన్న ఆడమనిషికి ఈ పుస్తకంలో ఒక్క పూర్తి వాక్యం కూడా లేదు, తన నోటితో.

1966లో జీన్ రీస్ బెర్తా వైపు నుంచి ఒక నవల రాసింది. ఆమె కరీబియన్ ద్వీపం డొమినికాలో పుట్టిన మనిషి. నూట ఇరవై ఏళ్ళు పట్టింది, ఆ గది తలుపు ఎవరో ఒకరు తియ్యడానికి. నాకు రోచెస్టర్ కళ్ళ గురించి బాధ లేదు. బెర్తా చచ్చిపోతేనే జేన్ పెళ్ళి జరిగింది. మనసు అందం అనే మాట నాకు అక్కడ గొంతు దిగదు.

చెవుల్తో చదువుతా

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు చూపు పోయింది. ఈ చర్చ ఫోను చదువుతుంటే విన్నాను, నోటితో చెప్పి రాయిస్తున్నాను. అక్షరాలు తప్పు పడితే మన్నించండి.

కాగితం పడవ గారు "కళ్ళు లేనివాడికి ఏ మొహమైనా ఒకటే" అన్నారు. బాధలో అన్నారని తెలుసు, కోపం లేదు. కానీ దాన్ని ఎవరూ ఆపి అడగకపోవడం చూసి రాస్తున్నాను. మాకు మొహాలు ఒకటి కావు. నాకు మనుషుల్ని పోల్చుకోవడానికి గొంతు ఉంది, నడక ఉంది, చెయ్యి పట్టుకునే తీరు ఉంది. గదిలోకి రాగానే విసుగు తెచ్చేవాళ్ళు ఉంటారు, గది వెలిగించేవాళ్ళు ఉంటారు. దాన్ని అందం అనకపోతే ఇంకేమంటాం?

ఆ ఫెర్న్‌డీన్ సీను మళ్ళీ వినండి. ముప్పై ఏడో అధ్యాయం. పనిమనిషి మేరీ ట్రేలో గ్లాసుడు నీళ్ళూ, కొవ్వొత్తులూ పెట్టుకుని లోపలికి వెళ్ళబోతుంటే, జేన్ ఆ ట్రే అడిగి తీసుకుంటుంది. చేతులు వణికి సగం నీళ్ళు ఒలికిపోతాయి. పైలట్ అనే కుక్క ఆమెని గుర్తుపట్టి మీదకి ఎగురుతుంది. గొంతు విని రోచెస్టర్ కలవరపడిపోతాడు. గాలిలో చెయ్యి చాపుతాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోగానే "ఆమె వేళ్ళే" అంటాడు. సన్నటి, చిన్న వేళ్ళు. తర్వాత భుజం, మెడ, నడుము. అతను జేన్‌ని చూశాడండీ. ఆ పుస్తకం మొత్తంలో ఆమెని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. మేము చూసేది అలాగే.

ఆ కొవ్వొత్తులు ఎందుకో గమనించారా? అతనికి కనబడదు. అయినా చీకటి పడగానే గదిలోకి కొవ్వొత్తులు తెప్పించుకుంటాడని మేరీ చెప్తుంది. నేను కూడా సాయంత్రం ఆరు కాగానే నా గదిలో లైటు వేస్తాను. మొదట్లో అమ్మ "ఎందుకు నాన్నా" అని అడిగేది, ఆ ప్రశ్నలో ఏడుపు వినబడేది. ఇప్పుడు అడగదు. స్విచ్ చప్పుడైతే నాకూ సాయంత్రం అయినట్టు ఉంటుంది. గోదారి గట్టు గారు చెప్పిన ఆ మాంచెస్టర్ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. కానీ రాసినావిడ చూపు లేని మనిషి పక్కన కూర్చుని లేచిందని ఆ కొవ్వొత్తుల దగ్గరే అర్థమైంది.

నాకున్న బాధ వేరు. రోచెస్టర్ చూపు పోవడాన్ని దేవుడు వేసిన శిక్షగా ఒప్పుకుంటాడు. మనసు మారాక చూపు వస్తుంది. నాకు చూపు పోయినప్పుడు మా వీధిలో "ఏ జన్మలో ఏం చేశాడో" అన్నారు. నేను మంచివాణ్ణయితే చూపు తిరిగొస్తుందా? 1847 నాటి ఆలోచన అది, సరే. ఇప్పుడు చదివేవాళ్ళయినా ఆ ఒక్క చోట ఆగాలి.

కాగితం పడవ

చెవుల్తో చదువుతా గారూ, ఆ వాక్యం నేను రాయకుండా ఉండాల్సింది. రంగు పేరుతో నన్ను ఒకరు కొలిస్తే పదకొండేళ్ళు నొచ్చుకున్నాను. ఇంకొకరిని నేను అలాగే ఒక్క మాటలో తీసేశాను. క్షమించండి.

ఆ ట్రే సీను ఎన్నిసార్లు చదివానో. ఒలికిన నీళ్ళు గుర్తున్నాయి, కొవ్వొత్తులు గుర్తే లేవు.

చెవుల్తో చదువుతా

అయ్యో, అంత మాట వద్దండీ. మీరు అడగకపోతే ఈ మాటలు నేను ఎవరితో చెప్పేవాణ్ణి?

వేపచెట్టు నీడ

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంతమంది ఇంత ఇదిగా మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. కానీ నాయనా, అమ్మా, మీరంతా ఒక మనిషిని మర్చిపోయారు. కాగితం పడవ తన మొదటి మాటలో ఒక్క ముక్క చెప్పి వదిలేసింది. హెలెన్ బర్న్స్.

ఈ నవలలో మనసు అందం గురించి మొదట రాసింది జేన్ గురించి కాదు, రోచెస్టర్ ప్రేమ గురించీ కాదు. ఎనిమిదో అధ్యాయం తియ్యండి. మిస్ టెంపుల్ అనే మంచి టీచరు ఆ ఇద్దరు పిల్లల్నీ తన గదికి పిలిచి టీ ఇస్తుంది. బడిలో సరుకులూ పనులూ చూసే ఆవిడ రొట్టె ఇంకొంచెం ఇవ్వనంటే, మిస్ టెంపుల్ సొరుగులోంచి ఆ పిల్లలు వెళ్ళేటప్పుడు ఇద్దామని దాచిన గింజల కేకు తీసి, పెద్ద పెద్ద ముక్కలు కోసి పెడుతుంది. ఆ వెచ్చదనంలో, కడుపు నిండాక, మాటల్లో పడి హెలెన్ మొహం మారుతుంది. బుగ్గల్లో రంగు వస్తుంది. అప్పుడు జేన్ అంటుంది, ఆ అందం ఒంటి రంగులో లేదు, పొడవాటి రెప్పల్లో లేదు, దిద్దిన కనుబొమల్లో లేదు, ఆ కళ్ళలోని భావంలో, కదలికలో, వెలుగులో ఉంది అని. అంత స్పష్టంగా ఆ మాట ఇంకెవరి గురించీ అనలేదు. స్నేహితురాలి గురించి అంది, పదేళ్ళ పిల్ల.

ఆ టీ గదిలో అంత వెలిగిన పిల్లకి పగలు బడిలో ఏం జరిగేదో తెలుసా? శుభ్రత లేదని ఇంకో టీచరు ఒక అట్టముక్క మీద "మురికి మనిషి" అన్న అర్థం వచ్చే మాట రాసి హెలెన్ నుదుటికి కట్టింది. హెలెన్ సాయంత్రం దాకా ఓర్చుకుని అలాగే ఉంది. బడి వదిలాక జేన్ పరుగున వెళ్ళి దాన్ని లాగి పొయ్యిలో పారేసింది. కిటికీ వైపు జరగమన్న మాట విన్న నీ స్నేహితురాలు, ఏమీ అనకుండా ఆ ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి ఇచ్చింది చూడమ్మా, ఆమె చేసిన పని అదే. నీ నుదుటి మీద అట్టముక్క లాగేసింది.

షార్లెట్ హెలెన్‌ని తన పెద్దక్క మరియాని తలచుకుని రాసింది. కోవన్ బ్రిడ్జి అనే ఊళ్ళో బడికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళలో మరియా 1825 మేలో, ఎలిజబెత్ జూన్‌లో పోయారు. ఇద్దరికీ క్షయే. మరియాకి పదకొండేళ్ళు, షార్లెట్‌కి అప్పుడు తొమ్మిది. ఇరవై ఏళ్ళు దాటాక ఆ అక్కకి ఈ పుస్తకంలో చోటు ఇచ్చింది. హెలెన్ ఓర్పు అతిగా ఉందన్నవాళ్ళకి, ఆ పిల్ల నిజంగానే అలా ఉండేదని షార్లెట్ గట్టిగా చెప్పింది.

ఇప్పుడు అసలు మాట. తొమ్మిదో అధ్యాయం ఆఖరి పేరా. హెలెన్ పోయిన పదిహేనేళ్ళ దాకా ఆమె సమాధి మీద గడ్డి దిబ్బ తప్ప ఏమీ లేదు, ఇప్పుడు అక్కడ బూడిదరంగు పాలరాతి పలక ఉంది, దాని మీద ఆమె పేరు, "రెసర్గమ్" అనే లాటిన్ మాట ఉన్నాయి అని రాస్తుంది. మళ్ళీ లేస్తాను అని ఆ మాటకి అర్థం. ఆ రాయి ఎవరు వేయించారో జేన్ చెప్పదు. మనమే లెక్క కట్టుకోవాలి. హెలెన్ పోయినప్పుడు జేన్‌కి పదేళ్ళు. పదిహేను కలిపితే పాతికేళ్ళు. అంటే రోచెస్టర్‌తో పెళ్ళయి అప్పటికి అయిదేళ్ళ పైమాటే. మొగుడున్నాడు, బిడ్డ ఉన్నాడు, లెక్కల మాస్టారు చెప్పిన డబ్బుంది. అవన్నీ ఉన్నాక, సుఖంలో ఉన్నాక, ఆ పిచ్చిగడ్డి దిబ్బ వెతుక్కుంటూ ఎవరో వెళ్ళారు. జేన్ కాక ఇంకెవరు వెళ్తారు?

నా మటుకు ఈ నవల ప్రశ్న రోచెస్టర్ కళ్ళతో తేలదు. ఆ రాతితో తేలుతుంది.

గోదారి గట్టు

మేడమ్, ఆ పదిహేనేళ్ళ లెక్క నేనెప్పుడూ కట్టలేదు. నాలుగుసార్లు చదివాను పుస్తకం.

నల్లరేగడి గారూ, బెర్తా విషయంలో మీతో వాదించే బలం నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. "అందమైన మొహం, మంచి మనసు ఒకటే" అని షార్లెట్ అనుకోలేదు. పుస్తకంలో అందరికంటే అందగాడు జేన్ మేనత్త కొడుకు సెయింట్ జాన్ రివర్స్, గ్రీకు శిల్పం లాంటి మొహం. అతనే జేన్‌ని అందరికంటే చల్లగా నలిపేసినవాడు. మన దేశానికి మిషనరీగా వస్తూ, తోడుగా పని చేసే మనిషి కావాలని పెళ్ళాడమన్నాడు, అందుకోసం హిందుస్థానీ కూడా నేర్పించాడు. ప్రేమ లేదని అతనే ఒప్పుకున్నాడు. జేన్ కాదంది.

నల్లరేగడి

అందగాడు చెడ్డోడు కావచ్చని ఒప్పుకున్నది, సంతోషం. మతి చెడిన మనిషి మంచిది కావచ్చని మాత్రం ఒప్పుకోలేదు. మా మేనత్త పన్నెండేళ్ళు మానసిక జబ్బుతో మా ఇంట్లనే ఉండె. మందు పడ్డ రోజున నాకు జొన్నరొట్టె కొట్టి పెట్టేది, అంచులు మాడకుండా, చేత్తో తిప్పుకుంట. అందుకే బెర్తా గురించి నాకు ఇంత పట్టుదల. మేడమ్ చెప్పిన రాయి మాట మంచిగున్నది. బెర్తాకి ఆ రాయి కూడా ఎవరూ వేయించలేదు. అది కూడా ఎవరన్నా ఇట్లనే గుర్తుపెట్టుకోవాలె.

రాత్రి డ్యూటీ

నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను.

హెలెన్ చనిపోయే రాత్రి జేన్ వెన్నెల వెలుగులో మెట్లెక్కి మిస్ టెంపుల్ గదికి వెళ్ళి, ఆ పిల్ల మంచమెక్కి, మెడ చుట్టూ చేతులు వేసి పడుకుంటుంది. హెలెన్ "నీ కాళ్ళకి ఏమీ లేవు, పడుకుని నా దుప్పటి కప్పుకో" అంటుంది. చచ్చిపోతున్న పిల్ల అనే మాట అది. పొద్దున్న చూస్తే జేన్ నిద్రలో ఉంది, హెలెన్ లేదు. క్షయ అంటించే క్రిమిని రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టింది 1882లో. ఆ పిల్లలకి ఆ భయం తెలియదు. తెలిసినా జేన్ ఆగేది కాదేమో.

నవల వచ్చిన రెండేళ్ళలోపే, 1848 డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్, షార్లెట్ ఇద్దరు చెల్లెళ్ళూ ఆ జబ్బుతోనే పోయారు. తను రాసిన పేజీ తనే మళ్ళీ బతకాల్సి వచ్చింది. వార్డులో చివరి రాత్రి పక్కన కూర్చునేవాళ్ళని నేను రోజూ చూస్తాను. ఎవరు అందంగా ఉన్నారో ఒక్కరికీ గుర్తుండదు. చెయ్యి ఎవరు వదల్లేదో గుర్తుంటుంది.

కాగితం పడవ

రాత్రంతా నిద్ర లేదు. ఆ ఎర్ర అట్ట పుస్తకం తీశాను.

ఒక నిజం చెప్పాలి. నా స్నేహితురాలు పోయిన తర్వాత నేను ఈ నవల చదివినప్పుడల్లా థార్న్‌ఫీల్డ్ నుంచే మొదలుపెట్టాను. లోవుడ్ పేజీలు తిప్పేసేదాన్ని. హెలెన్ చనిపోయే చోటు దాటడం నా వల్ల కాలేదు. అందుకే నాకు ఈ పుస్తకం అంటే రోచెస్టర్ ఒక్కడే మిగిలాడు, అతని కళ్ళ మీదే ఇన్నేళ్ళు దెబ్బలాడాను. రాత్రి ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు పూర్తిగా చదివాను. దుప్పటి మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టాను.

ఆమె పోయి తొమ్మిదేళ్ళు. వాళ్ళ అమ్మగారు మా ఊరికి గంట దూరంలోనే ఉంటారు. పెద్దకర్మకి వెళ్ళాను, ఆ తర్వాత ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆవిడ నన్ను చూస్తే కూతురు గుర్తొచ్చి ఏడుస్తారేమో అని నాకు నేను చెప్పుకునేదాన్ని. భయం నాది. ఈ పుస్తకం ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యనా? మొదటి పేజీలో దాని చేతిరాతతో దాని పేరు ఉంది. ఎవరైనా చెప్పండి.

వేపచెట్టు నీడ

ఇచ్చెయ్యకమ్మా. తీసుకెళ్ళి చూపించు. ఆ చేతిరాత ఆవిడ చేత తడిమించు. ఆవిడ ఉంచుకుంటానంటే ఇచ్చెయ్యి, లేదంటే నీ దగ్గరే పెట్టుకో. ఖాళీ చేతులతో వెళ్ళకు, పళ్ళు పట్టుకెళ్ళు. వెళ్ళగానే పుస్తకం తియ్యకు. ముందు ఆవిడ పెట్టింది తిను.

కాగితం పడవ

ఆదివారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను మేడమ్. ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే ఆవిడ "సెలోటేపు పుస్తకం నీ దగ్గరే ఉందా తల్లీ" అన్నారు.

గోదారి గట్టు గారూ, రోచెస్టర్ సంగతి నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వచ్చాక మాట్లాడదాం.